నాన్న చదివింపుల పుస్తకం

నాన్న పోయిన పదమూడో రోజు సాయంత్రం, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, అమ్మ చెప్పిందని బీరువా సర్దడానికి కూర్చున్నాను. పాసు పుస్తకాలు, ఎల్ఐసీ కాగితాలు, కరెంటు బిల్లుల కట్ట. వాటి అడుగున పొడుగాటి ఎర్ర అట్ట పుస్తకం ఒకటి. మొదటి పేజీకి నాలుగు మూలలా పసుపు. పైన ‘శ్రీరామ’. దాని కింద నా పేరు, 2001 మే నెలలో ఒక తేదీ. అది నా పెళ్ళి చదివింపుల పుస్తకం.

అమెరికాలో పుట్టి పెరిగిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే వాళ్ళ కోసం రెండు మాటలు. మా గోదావరి వైపు పెళ్ళిపందిట్లో ఒక మూల బల్ల వేసుకుని, ఊళ్ళో అందరూ నమ్మే పెద్దమనిషి ఒకాయన కూర్చుంటాడు. వచ్చినవాళ్ళు తాము ఇవ్వదలుచుకున్నది ఆయన చేతికిస్తారు. ఆయన పేరు, ఊరు, ఎంత ఇచ్చారో రాసుకుంటాడు. పక్కనున్న మనిషి అది మైకులో చదువుతాడు. “ఫలానా ఊరు, ఫలానా వారి చదివింపులు నూటపదహార్లు!” అలా పైకి చదివిస్తారు కాబట్టి చదివింపులు. తెలంగాణలో కట్నాలు చదివించడం అని కూడా అంటారు.

ఆ రోజు పీటల మీద కూర్చున్న నాకు ఆ మైకు వింటుంటే సిగ్గేసింది. అప్పటికి అమెరికా వెళ్ళి మూడేళ్ళే అయినా, ఎవరెంత ఇచ్చారో ఊరందరికీ వినిపించేలా అరవడం మోటు పద్ధతని తేల్చేసే పాటి తెలివి వచ్చేసింది. కవర్లో పెట్టి, కవరు మీద పేరు రాసి, చెవిలో “కంగ్రాట్స్” చెప్పి ఇవ్వొచ్చు కదా అనుకున్నాను. ఆ మైకే రసీదనీ, ఆ ఊరే సాక్షి అనీ అప్పుడు తట్టలేదు.

పుస్తకం తిరగేస్తే ఇంకో సంగతి కనిపించింది. పెళ్ళిలో రాసిన పేర్లూ, అంకెలూ నీలం సిరాతో ఉన్నాయి. వాటి పక్కన ఎర్ర సిరాతో నాన్న చేతిరాత. ‘పెద్దమ్మాయి పెళ్ళి, 2004 ఫిబ్రవరి, 150.’ ‘మనవడి బారసాల, 2009, 200.’ ‘గృహప్రవేశం, 2013, 500, అమ్మ కూడా వచ్చింది.’ పేజీ తర్వాత పేజీ. మొదట్లో గుండ్రంగా ఉన్న అక్షరాలు చివరికొచ్చేసరికి వణుకుతున్నాయి. మొత్తం 212 పేర్లు. ఎవరు మాకేమిచ్చారో, దానికి మేం ఎప్పుడు, ఏ శుభకార్యానికి తిరిగి చదివించామో అంతా ఉంది. కొన్ని బస్సులో, చాలావరకు పాత స్కూటరు మీద, ఆఖరి ఒకటి రెండు ఎవరి బండి వెనకో కూర్చుని వెళ్ళి వచ్చాడు.

నా పెళ్ళి రెండు రోజుల్లో అయిపోయిందని నేను అనుకుంటున్నాను. నాన్న దాన్ని ఇరవై ఏళ్ళు చేశాడు.

*

లెక్కలు చూస్తుంటే వింతగా అనిపించింది. 101 ఇచ్చినవాళ్ళకి 116, 116 ఇచ్చినవాళ్ళకి 150 లేక 200. సమానంగా తిరిగి ఇచ్చింది దాదాపు ఎక్కడా లేదు. వడ్డీ లెక్క వేశాడా అంటే అదీ కాదు. 2001లో 101 రూపాయలకీ 2013లో 116 రూపాయలకీ ఉన్న తేడా బ్యాంకువాళ్ళనడిగితే నాన్న తక్కువే ఇచ్చాడంటారు. అమ్మనడిగాను.

“తీసుకున్నంతే ఇస్తే లెక్క తేల్చుకున్నట్టుంటుందిరా. కాస్త ఎక్కువిస్తే మళ్ళీ వాళ్ళ వంతు వస్తుంది.”

మనం నూరు రూపాయలు ఇవ్వం, నూటపదహార్లు ఇస్తాం. దీనికో కథ చెబుతారు. నిజాం రాజ్యంలో చెల్లిన హాలీ సిక్కా రూపాయి బ్రిటిషు రూపాయి కంటే తక్కువ విలువది, సుమారు 116 హాలీ రూపాయలైతే 100 బ్రిటిషు రూపాయలు, అందుకే నిండుగా వంద ఇచ్చినట్టు ఉండాలని 116 అలవాటయిందని. అసలు కారణం అదో కాదో గానీ, 51, 101, 116, 516 అన్నిట్లోనూ నాకు అమ్మ మాటే కనిపిస్తోంది. సున్నాతో ముగిస్తే లెక్క ముగిసినట్టుంటుంది. పైన కాస్త వేస్తే ఇంకా ఏదో మిగిలుంది అన్నట్టుంటుంది.

మా ఇంట్లో ఇంకో నియమం ఉండేది. పక్కింటివాళ్ళు పులుసో, పరమాన్నమో గిన్నెలో పెట్టి పంపితే, ఆ గిన్నె కడిగి ఖాళీగా తిప్పి పంపకూడదు. ఇంట్లో ఏమీ లేకపోతే కాస్త పంచదార, చిన్న బెల్లం ముక్క, పెరట్లో కాసిన నాలుగు పచ్చిమిరపకాయలు, ఏదో ఒకటి. వెంటనే పంపేయకూడదు కూడా. గిన్నె నాలుగు రోజులు మా ఇంట్లో ఉండాలి. మరుసటి పూటే కడిగి ఇచ్చేస్తే “ఏం, మా గిన్నె మీకంత బరువైందా?” అనేది పక్కింటి పిన్నిగారు.

ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మార్సెల్ మోస్ 1925 ప్రాంతంలో కానుక గురించి ఒక పెద్ద వ్యాసం రాశాడు. పసిఫిక్ దీవుల నుంచి మన మహాభారతంలోని ఆనుశాసనిక పర్వం దాకా తిరిగి ఆయన చెప్పింది, కానుకలో మూడు బాధ్యతలున్నాయని. ఇవ్వాలి, పుచ్చుకోవాలి, తిరిగి ఇవ్వాలి. ఏ ఒక్కటి తప్పినా సంబంధం తెగుతుంది. ఆ తర్వాత పియర్ బోర్డియూ అల్జీరియా కొండల్లోని కబైల్ జనం మధ్య పని చేసి దానికి ఒక మెలిక చేర్చాడు. కానుకకీ తిరుగు కానుకకీ మధ్య కొంత కాలం గడవాలి, ఇచ్చింది ఇచ్చినట్టు వెంటనే తిరిగి ఇస్తే అది పుచ్చుకోనట్టే లెక్క అన్నాడు. చదివినప్పుడు ఎంత గొప్ప సంగతి చెప్పాడో అనుకున్నాను. మా పిన్నిగారు గిన్నె సంగతిలో చెప్పింది అదే.

మన భాషలోనూ ఈ తేడాలన్నిటికీ వేరువేరు మాటలున్నాయి. దానం తిరిగి రాకూడదు. అప్పు వడ్డీతో రావాలి. చేబదులు కాగితం లేకుండా, వడ్డీ లేకుండా, త్వరగా రావాలి. మామూలు ఇస్తే పని జరగాలి. చదివింపు మాత్రం తిరిగి రావాలి గానీ ఎప్పుడని అడగకూడదు, రాలేదని పైకి అనకూడదు, అలాగని మర్చిపోకూడదు.

*

పుస్తకంలో 14 పేర్ల పక్కన ఎర్ర సిరా లేదు. నాన్న తీర్చకుండా మిగిలిపోయినవి. అది చూసేసరికి నాలోని ఇంజినీరు లేచాడు. ఫోను తీశాను. “అమ్మా, వీళ్ళ నంబర్లు చెప్పు. ఫోన్‌పేలో అరగంటలో అందరికీ పంపేస్తాను. నాన్న మీద బాకీ ఉండకూడదు.”

అమ్మ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది.

“వాళ్ళ ఇళ్ళల్లో ఇంకా శుభకార్యం రాలేదు. ఊరికే డబ్బులు పంపితే మొహాన కొట్టినట్టుంటుంది. ఇంక మీకూ మాకూ ఏమీ లేదని చెప్పినట్టు. నాన్న పోయిన పదమూడో రోజే ఊరితో తెంచుకుంటావా?”

చెల్లుకు చెల్లు అనే మాట మనం రెండు సందర్భాల్లో వాడతాం. లెక్క సరిపోయినప్పుడు ఒకటి, గొడవపడి విడిపోయినప్పుడు ఇంకొకటి. ఆ రెండూ ఒకటే ఎందుకయ్యాయో నాకు ఆ పూట అర్థమైంది. ఋణానుబంధం అన్న మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను. అందులో ఋణం ఉంది, బంధం ఉంది. మొదటిది పూర్తిగా తీరిపోతే రెండోదానికి ఆధారం ఏముంటుంది?

*

ఆడవాళ్ళకి ఈ విద్య మగవాళ్ళకంటే బాగా తెలుసు. శ్రావణ మాసంలో వాయనాల సంగతి చూడండి. ఈ వీధిలో పదిమంది ఒకరింటికొకరు వెళ్ళి తాంబూలం, నానబెట్టిన శనగలు, పండు, జాకెట్టు గుడ్డ ఇచ్చి పుచ్చుకుంటారు. నెలాఖరుకి లెక్క చూస్తే ఎవరిచ్చినన్ని శనగలు వాళ్ళకి వచ్చే ఉంటాయి. జాకెట్టు గుడ్డల సంగతైతే చెప్పనే అక్కర్లేదు. మా అమ్మ ఒకసారి వంగపండు రంగు గుడ్డ ఒకటి ఎవరికో పెడితే, మూడేళ్ళు ఊరంతా తిరిగి, మడత విప్పకుండా మా ఇంటికే వచ్చింది. అమ్మ ఒక మూల సిరా మరక చూసి గుర్తుపట్టింది. నవ్వి, మళ్ళీ ఇంకొకరికి పెట్టేసింది.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మలినోవ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త న్యూగినీ పక్కన ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి ఇలాంటిదే చూశాడు. ఆ దీవుల వాళ్ళు ప్రాణాలకు తెగించి సముద్రం మీద పడవల్లో వెళ్ళి, ఎర్ర గవ్వల దండలు ఒక దిక్కుగా, తెల్ల గవ్వల కడియాలు దానికి ఎదురు దిక్కుగా, దీవి నుంచి దీవికి ఇచ్చి పుచ్చుకుంటారు. దానికి కుల అని పేరు. మన కులానికీ దానికీ సంబంధం లేదు. ఆ దండని ఎవరూ శాశ్వతంగా దాచుకోరు, కొన్నాళ్ళుంచుకుని ముందుకి పంపుతారు. 1922లో వచ్చిన ఆయన పుస్తకం ఈ విషయం మీద పెద్ద ప్రమాణం. చదువుతున్నంతసేపూ నాకు ఆ వంగపండు రంగు గుడ్డే గుర్తొచ్చింది. వస్తువు విలువ కోసం కాదు ఆ తిరుగుడు. వస్తువు తిరిగినంతకాలం మనుషులు ఒకరి గుమ్మం ఒకరు తొక్కుతారు.

ఇక్కడ న్యూజెర్సీలో మేం దాన్ని కాస్త మార్చుకున్నాం. పుట్టినరోజు పిలుపులో ‘బహుమతులు వద్దు’ అని రాస్తాం. అయినా తీసుకెళ్తాం. బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ‘రిటర్న్ గిఫ్ట్’ అని సంచి చేతిలో పెడతారు. ఎంత మర్యాద! వచ్చిన రెండు గంటల్లో లెక్క సరి. ఎవరూ ఎవరికీ బాకీ లేరు. వాళ్ళ పిల్ల రెండో పుట్టినరోజుకి వెళ్ళానో లేదో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. పాతికేళ్ళలో అలాంటి సంచులు కొన్ని వందలు మా ఇంటికొచ్చి ఉంటాయి. వాటిలో ఏది ఎవరిచ్చారో మా ఇద్దరికీ ఒక్కటీ గుర్తులేదు.

గుర్తున్నది వేరే. 1998లో నేను రెండు సూట్‌కేసులతో దిగినప్పుడు, స్నేహితుడి స్నేహితుడికి తెలిసినవాళ్ళు అన్న ఒక్క చుట్టరికంతో ఒక కుటుంబం నన్ను మూడు వారాలు ఇంట్లో పెట్టుకుంది. వెళ్ళేటప్పుడు పాత పరుపు, ప్రెషర్ కుక్కరు ఇచ్చారు. “అప్పు ఎలా తీర్చుకోవాలండీ?” అంటే ఆవిడ “నీ తర్వాత వచ్చేవాణ్ణి నువ్వు దించుకో నాయనా” అంది. తర్వాత వాళ్ళు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. మళ్ళీ కలవలేదు. ఆ కుక్కరు మాత్రం మా ఇంటి నుంచి ఇంకో ముగ్గురు కుర్రాళ్ళ చేతులు మారింది.

బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా 1784లో పారిస్ పక్కన పాసీ నుంచి ఒకాయనకి పది బంగారు నాణేలు పంపుతూ ఈ మాటే రాశాడు. ఇది ఊరికే ఇవ్వడం లేదు, అప్పిస్తున్నాను, నువ్వు నిలదొక్కుకున్నాక నీలాగే కష్టంలో ఉన్న నిజాయితీపరుడు ఎదురైతే అతనికిచ్చి నా అప్పు తీర్చు, అతనికీ ఇదే షరతు పెట్టు అని. మనవాళ్ళు చెప్పిన మూడు ఋణాలూ అలాంటివే. పితృఋణం తండ్రికి తిరిగి ఇస్తే తీరదు, పిల్లల్ని పెంచితే తీరుతుంది. ఋషిఋణం చదువుకుంటేనే తీరుతుంది.

*

ఇచ్చి పుచ్చుకోవడం ఎప్పుడూ తీపి వ్యవహారమే అని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. భారతం ఆదిపర్వంలో ద్రోణుడు చిన్ననాటి స్నేహితుడు ద్రుపదుడి దగ్గరికి వెళ్తాడు. రాజుకీ పేదవాడికీ స్నేహమేమిటి, సమానుల మధ్య కదా స్నేహం అని ద్రుపదుడు నవ్వుతాడు. ద్రోణుడు కురుపాండవులకి విలువిద్య నేర్పి, గురుదక్షిణగా ఆ ద్రుపదుణ్ణే కట్టి తెప్పించుకుని, సగం రాజ్యం ఉంచుకుని సగం తిరిగి ఇచ్చి, ఇప్పుడు మనం సమానులం అంటాడు. ద్రుపదుడు యాగం చేసి ధృష్టద్యుమ్నుణ్ణి పొందుతాడు. కురుక్షేత్రంలో ఆ కొడుకు ద్రోణుడి తల నరుకుతాడు. ప్రతి బాకీ పైసాతో సహా తీరిపోయింది.

భాగవతం దశమ స్కంధంలో అచ్చం ఇలాంటి సన్నివేశమే ఉంది. పేద బ్రాహ్మణుడు, రాజైన చిన్ననాటి స్నేహితుడు. కానీ కుచేలుడు కొంగున కట్టుకుని తెచ్చిన అటుకులు ఇవ్వడానికి సిగ్గుపడుతుంటే కృష్ణుడు తనే లాక్కుని తింటాడు. ఆ తర్వాత వచ్చిన సిరి గురించే మనం ఎక్కువ చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ లాక్కోవడమే ముఖ్యం అనిపిస్తుంది. ద్రుపదుడు ఇవ్వకపోవడం కంటే పెద్ద తప్పు, ద్రోణుడి నుంచి తాను పుచ్చుకున్నదేదో ఉందని ఒప్పుకోకపోవడం.

మా నాన్న పుస్తకంలోనూ అలాంటి లోటు ఉంది. నా పెళ్ళికి పందిరి వేసినవాళ్ళ పేర్లు అందులో లేవు. డోలు, సన్నాయి వాయించినవాళ్ళవి, బట్టలుతికి తెచ్చినామెది, గడ్డం గీసినాయనది లేవు. వాళ్ళకిచ్చిన దానికి మేర అనో, ఈనాం అనో వేరే పేర్లున్నాయి. పొలంలో మాతో సమానంగా ఎండలో నిలబడినవాళ్ళ ఇళ్ళల్లో మేం పెళ్ళి భోజనం చేసింది లేదు. వాళ్ళ గిన్నె మా వంటింట్లోకి వచ్చిందీ లేదు. ఎవరిని సమానులుగా ఒప్పుకున్నామో వాళ్ళ జాబితాయే ఆ పుస్తకం. చివరి పేజీల్లో మాత్రం నీలం సిరా లేకుండా ఎర్ర సిరాతోనే ఒక పేరుంది. మా పొలం కౌలుకి చేసినాయన. ‘కూతురి పెళ్ళి, 2016, 1116, భోజనం చేశాను.’ ఆ ఆఖరి రెండు మాటలు నాన్న ఎందుకు రాసుకున్నాడో నాకు తెలుసు.

డబ్బు బరువు కూడా తక్కువేమీ కాదు. చదివింపులు తిరిగి చదివించడానికి అప్పు చేసే ఇళ్ళు నాకు తెలుసు. తమిళనాడులో దీన్ని మొయ్ అంటారు. పుదుక్కోట, తంజావూరు వైపు పెళ్ళి లేకపోయినా మొయ్ విందు అని భోజనాలు పెట్టి డబ్బు పోగుచేసుకుంటారు. తిరిగి ఇచ్చేటప్పుడు అంతకు మించి ఇవ్వాలి. చేతిలో పెట్టుబడి లేనివాడికి అదొక ఆసరా. తిరిగి ఇవ్వలేనివాడికి అదే ఉరి.

*

ఆ 14 పేర్లలో ఒకటి మా ఎలిమెంటరీ స్కూలు మాస్టారిది. ‘116, ఇత్తడి చెంబు ఒకటి.’ మాస్టారికి పిల్లలు లేరు. ఆయనా, ఆవిడా, ఒక పెంకుటిల్లు. ఆ ఇంట్లో పెళ్ళి రాదు, బారసాల రాదు. నాన్న ఇరవై ఏళ్ళు ఎదురుచూసినా ఎర్ర సిరా పెట్టే సందర్భం రాలేదు. పోయిన వేసవిలో ఊరెళ్ళినప్పుడు అమ్మనడిగాను, దీనికేం చెయ్యాలని.

“ఏముందిరా. ఒకపూట వెళ్ళి వాళ్ళింట్లో భోంచేసి రా.”

“బాకీ మనది కదమ్మా. మళ్ళీ వాళ్ళ దగ్గర తినడమేమిటి?”

“వెళ్ళు, నీకే తెలుస్తుంది.”

జేబులో 5,000 రూపాయలు కవర్లో పెట్టుకుని వెళ్ళాను. మాస్టారికి ఎనభై దాటాయి. నేను వస్తున్నానని తెలిసి ఇస్త్రీ చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ ముద్దపప్పు, గుత్తివంకాయ, గుమ్మడికాయ పులుసు చేశారు. వద్దన్న కొద్దీ వడ్డించారు. నాకు రెండో తరగతిలో పదమూడో ఎక్కం రాకపోతే గోడకుర్చీ వేయించిన సంగతి మాస్టారు నాలుగుసార్లు చెప్పి నాలుగుసార్లూ నవ్వారు. “మా ఇంట్లో ముగ్గురు కూర్చుని తిని ఎన్నాళ్ళైందో” అన్నారావిడ, విస్తరి తీస్తూ. కవరు మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాను. అది అక్కడ బయటికి తీసుంటే ఆ పూటంతా హోటలు భోజనం అయిపోయేది.

వచ్చేటప్పుడు ఆవిడ చేతిలో ఒక జాడీ పెట్టారు. కొత్తావకాయ. వాసెన గుడ్డ కట్టి, పైన ప్లాస్టిక్ సంచి చుట్టారు. అమెరికా దాకా పట్టుకెళ్ళమన్నారు.

ఇంటికొచ్చి నాన్న పుస్తకం తీశాను. మాస్టారి పేరు పక్కన ఏం రాయాలో తెలియక కాసేపు కూర్చున్నాను. బాకీ తీర్చడానికి వెళ్ళి ఇంకో బాకీతో తిరిగొచ్చాను. చివరికి ‘భోజనం చేశాను, జాడీ ఒకటి’ అని రాశాను, నీలం సిరాతో.

ఆవకాయ సంక్రాంతికే అయిపోయింది. జాడీ కడిగి, తుడిచి, కిటికీ పక్కన పెట్టాం. వచ్చే మే నెలలో ఊరెళ్తున్నాం. అందులో ఏం పెట్టి తీసుకెళ్ళాలా అని నేనూ మా ఆవిడా ఇంకా ఆలోచిస్తున్నాం.